పదిహేను థౌల సందు

విజయవాడ ఆటోనగర్‌లో ఈ రోజుకీ చప్పుళ్లకేం తక్కువ లేదు. టింకరింగ్ సుత్తి దెబ్బలు, లేతు మిషన్ రొద, గ్రైండింగ్ రాయి కీచుమోత, లారీల కమాను కట్టలు దించేటప్పుడు లేచే ఠంగుమనే శబ్దం, అన్నీ ఉన్నాయి. కార్ల షెడ్లలో మాత్రం ఒక చప్పుడు వినపడటం మానేసింది. పైమూత విప్పిన ఇంజన్ ఐడ్లింగ్‌లో తిరుగుతుంటే, ఎనిమిది రాకర్లూ నూనె చిందిస్తూ ఒకదాని వెంట ఒకటి టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంటే, మేస్త్రీ దాని మీదికి వంగి చెవి ఒగ్గి వినే చప్పుడు అది. ఆ పనిని ట్యాపెట్ సెట్టింగ్ అనేవాళ్లు. బండిని ట్యూనింగ్‌కి ఇచ్చారంటే ప్లగ్గులు శుభ్రం చేయడం, పాయింట్లు దిద్దడం, కార్బొరేటర్ కడగడం, ట్యాపెట్లు సెట్ చేయడం ఉండి తీరేవి. పాయింట్లూ కార్బొరేటరూ కారులోంచే పోయాయి గనక వాటి పనులూ పోయాయి. వాల్వులు ఎక్కడికీ పోలేదు. నిన్న షోరూములోంచి బయటికొచ్చిన నాలుగు సిలిండర్ల కారులో సాధారణంగా పదహారు ఉంటాయి, అంబాసిడర్‌కి రెట్టింపు. పోయింది వాటి చప్పుడు వినే అలవాటు. దానితో పాటే, బండి ఆరోగ్యం గురించి యజమాని, డ్రైవరు, మేస్త్రీ ముగ్గురూ ఒకే సాక్ష్యాన్ని విని మాట్లాడుకోగలిగిన పరిస్థితి కూడా పోయింది. అది చిన్న నష్టం కాదని నా వాదన.

ట్యాపెట్ సెట్టింగ్ అంటే రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందును సరిచేయడం. ఆ సందు ఎందుకుండాలో ముందు చెప్పుకోవాలి. ఇంజన్ తిరిగేటప్పుడు క్యామ్ షాఫ్ట్ మీది గుబ్బ ట్యాపెట్‌ను లేపుతుంది, ట్యాపెట్ పుష్ రాడ్‌ను తోస్తుంది, రాడ్ రాకర్‌ను ఒక కొసన ఎత్తితే రెండో కొస వాల్వు నెత్తి మీద నొక్కి దాన్ని తెరుస్తుంది. గుబ్బ దాటిపోగానే స్ప్రింగు వాల్వును మళ్లీ సీటు మీద కూర్చోబెడుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు ఇలా లేచి కూర్చుంటుంది. వేడికి ఇనుము సాగుతుంది. కాలిన పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తల 700 డిగ్రీల దరిదాపుకు చేరుతుంది. లోపలికొచ్చే గాలీ పెట్రోలు తడీ తగులుతుంటాయి గనక ఇన్‌లెట్ వాల్వు అంత వేడెక్కదు. ఇన్ని భాగాలు ఇన్ని రకాల వేడిలో ఎవరికి వాళ్లుగా సాగుతాయి కాబట్టి రాకర్‌కీ వాల్వుకీ మధ్య కొంత ఖాళీ వదలాలి. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజన్‌కి వాడుకలో ఉన్న లెక్క 15 థౌ, అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో పదిహేను, మిల్లీమీటర్లలో 0.38. ఈ ఖాళీ చాలకపోతే వేడెక్కిన వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. వాల్వుకు పట్టిన వేడిలో ముప్పావు వంతు దాకా, సీటును తాకి ఉన్న ఆ కాసేపట్లోనే హెడ్డులోకి దిగిపోవాలి. ఆ దారి మూసుకుపోతే వాల్వు అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పడిపోతుంది, హెడ్డు దించాల్సి వస్తుంది. ఖాళీ ఎక్కువైతే అంత ప్రమాదం లేదు. వాల్వు ఆలస్యంగా తెరుచుకుని, తక్కువ లేచి, తొందరగా మూసుకుంటుంది. టకటకమంటుంది, రాకర్ కొన అరుగుతుంది. బండి కాస్త మందగిస్తుంది గానీ రోడ్డు మీద వదిలేయదు.

ఈ ఒక్క సంగతి తెలిసినవాళ్లకి ఇంజన్ చప్పుడు మొత్తం తలకిందులుగా వినపడేది. మామూలు మనిషి చప్పుడు లేని ఇంజన్‌ను మంచి ఇంజన్ అనుకుంటాడు. ట్యాపెట్ల విషయంలో నిశ్శబ్దాన్నే అనుమానించాలి. సన్నగా, సమంగా, కుట్టు మిషన్ దూరంనుంచి వినపడుతున్నంత మెత్తగా టిక్కుమంటున్న ఇంజన్‌కి భయం లేదు. నిన్నటిదాకా టిక్కుమంటూ ఉన్నది ఎవరూ ముట్టుకోకుండానే మూగబోయిందంటే ఎక్కడో ఎగ్జాస్ట్ వాల్వు సీటులోకి దిగిపోతోందని, సందు మూసుకుంటోందని అర్థం. ఈ జ్ఞానం మేస్త్రీల దగ్గరే ఉండిపోలేదు. టాక్సీ డ్రైవర్లకి తెలుసు. సొంత కారున్న వకీలుకీ డాక్టరుకీ ఎంతో కొంత తెలుసు. "మేస్త్రీ, బండి మరీ సైలెంటుగా ఉందయ్యా, ఒకసారి చూడు" అని చెప్పి బండి వదిలి వెళ్లే కస్టమరు ఆ రోజుల్లో వింత మనిషేమీ కాదు.

ఇక పని తీరు. బండిని ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలేయమనేవాళ్లు, తెల్లారేసరికి ఇంజన్ పూర్తిగా చల్లారాలి గనక. వేడి మీద సెట్ చేసే ఇంజన్లూ ఉన్నాయి, చల్లటి మీద సెట్ చేసేవీ ఉన్నాయి. కంపెనీ పుస్తకం ఎలా చెబితే అలా చేయాలి. అయితే గోరువెచ్చగా ఉన్న ఇంజన్ దేనికీ పనికిరాదు, ఆ లెక్క రెంటికీ చెందదు. బానెట్ ఎత్తి, ఎయిర్ క్లీనర్ అడ్డమైతే దించి, రాకర్ కవర్ మీది రెండు నట్లు విప్పేవాళ్లు. కవర్ కింద బెండు ప్యాకింగ్ ఉండేది. అది చిట్లకుండా ఊడి రావడమే ఒక నేర్పు. చిట్లితే కొత్తది వేయాలి, లేదంటే రెండో రోజుకల్లా ఇంజన్ పక్కన నూనె కారుతుంది. కవర్ లేపగానే కాలిన నూనె వాసన గుప్పుమనేది. లోపల నల్లటి మడ్డి పేరుకుని ఉంటే ఆ యజమాని ఆయిల్ మార్చడంలో పీనాసి అని మేస్త్రీకి అక్కడే తెలిసిపోయేది. హెల్పర్ కుర్రాడు కవర్‌ను కిరోసిన్‌తో కడుగుతుండగా ప్లగ్గులు నాలుగూ విప్పి, ఏ సిలిండర్‌ది ఏదో కలిసిపోకుండా వరసలో పేర్చేవాళ్లు. ప్లగ్గులు తీస్తే కంప్రెషన్ ఉండదు, ముందునుంచి హ్యాండిల్ పెట్టి ఇంజన్‌ను ఒంటి చేత్తో తిప్పచ్చు. హ్యాండిల్ లేని బండిని టాప్ గేర్లో వేసి మెల్లగా ముందుకు తోసేవాళ్లు.

ఎనిమిది వాల్వులకీ ఒక లెక్క ఉండేది, బడి మొహం చూడని హెల్పరుకి కూడా నోటికొచ్చిన లెక్క. ముందునుంచి ఒకటి, రెండు అని ఎంచుకుంటూ పోతే, ఎనిమిదోది పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటోది సెట్ చేయాలి. ఆరోది తెరుచుకుంటే మూడోది, నాలుగోది తెరుచుకుంటే అయిదోది. ఎప్పుడు కూడినా తొమ్మిదే రావాలి. దీని వెనక ఉన్నది మంత్రం కాదు. ఒకటో పిస్టనూ నాలుగో పిస్టనూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. రెండూ మూడూ అంతే. ఒక సిలిండర్ వాల్వును క్యామ్ గుబ్బ పూర్తిగా ఎత్తి పట్టుకున్నప్పుడు, దాని జతగాడి వాల్వు కింద గుబ్బ సరిగ్గా అవతలి వైపుకి తిరిగి ఉంటుంది, ఆ వాల్వు నిశ్చింతగా మూసుకుని ఉంటుంది. అప్పుడే దాని సందు కొలవాలి. ఈ వివరణ ఇవ్వగలిగిన మేస్త్రీలు కొందరే, లెక్క తప్పని మేస్త్రీలు మాత్రం చాలామంది. పుస్తకంలో ఉన్న సిద్ధాంతం చేతిలోకి దిగడానికి ఇలాంటి చిన్న లెక్కలే దారి.

అసలు పని ఒక రింగ్ స్పానరు, ఒక స్క్రూడ్రైవరు, ఒక ఫీలర్ గేజి, రెండు చేతులు. గేజి అంటే రకరకాల మందాల ఉక్కు రేకుల గుత్తి, ప్రతి రేకు మీదా దాని కొలత చెక్కి ఉంటుంది. చాలా షెడ్లలో ఆ అంకెలు చెయ్యి రాపిడికి ఎప్పుడో చెరిగిపోయేవి. మేస్త్రీ రేకును వేళ్ల మధ్య వంచి చూసి పదిహేనో పన్నెండో చెప్పేవాడు. రాకర్ కొసన ఉన్న స్క్రూకి లాక్ నట్ ఉంటుంది. నట్ వదులు చేసి, పదిహేను థౌల రేకు సందులో పెట్టి, స్క్రూ తిప్పుతూ రేకును ముందుకీ వెనక్కీ లాగుతారు. రేకు వదులుగా జారకూడదు, బిగుసుకుని వంగకూడదు, జున్నులోంచి కత్తి లాగినట్టు రావాలి. అది కుదిరాక స్క్రూడ్రైవరుతో స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి. ఎంత గట్టిగా పట్టుకున్నా నట్‌తో పాటు స్క్రూ వెంట్రుకవాసి తిరుగుతుంది, సందు మారుతుంది. చేయి తిరిగిన మేస్త్రీ అది ఎంత తిరుగుతుందో ముందే అంచనా వేసి అంత వదిలేసి బిగించేవాడు, తర్వాత మళ్లీ రేకు పెట్టి చూసేవాడు. బిగించాక చూడకుండా వదిలేసేవాడిని మేస్త్రీ అనేవాళ్లు కాదు.

ఇందులో పుస్తకానికి చిక్కని మెలిక ఒకటుంది. రాకర్ కొన వాల్వు నెత్తి మీద ఏళ్ల తరబడి కొట్టుకుని అక్కడ చిన్న గుంట పడుతుంది. తిన్నటి రేకు ఆ గుంటలోకి దిగదు, అంచుల మీదే ఆగుతుంది. గేజి పదిహేను చూపిస్తుంటే అసలు సందు ఇరవై ఉంటుంది. సెట్ చేసిన బండి షెడ్డు దాటకముందే టకటకమంటుంది. కొత్తవాడు కొలత తప్పిందనుకుని మళ్లీ మళ్లీ పెడతాడు. పాతవాడు గోటి కొసతో రాకర్‌ను తడిమి, గుంట తగిలితే రాకర్ షాఫ్ట్ విప్పి ఆ కొనను రాయి మీద చదును చేయిస్తాడు. ఉక్కు రేకు పట్టుకోలేని తప్పును గోరు పట్టుకుంది. కొలత పరికరం ఎంత కచ్చితమైనదైనా అది ఏ చోటును కొలుస్తోందో తెలిసిన మనిషి పక్కన లేకపోతే అబద్ధం చెబుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

తర్వాత వినడం. ఇంజన్ స్టార్ట్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకునేవాళ్లు. లోపలి చప్పుడు ఉక్కు గుండా ఎక్కి వచ్చేది. క్యామ్ షాఫ్ట్ క్రాంకు వేగంలో సగమే తిరుగుతుంది కాబట్టి ట్యాపెట్ చప్పుడు ఇంజన్ లయకు సగం లయలో ఉంటుంది. బిగ్ ఎండ్ బేరింగ్ అరిగితే వచ్చే మోత క్రాంకుతో సమానంగా, బరువుగా కొడుతుంది. ఈ తేడా పట్టుకోలేనివాడు బేరింగ్ పోయిన బండికి ట్యాపెట్లు సెట్ చేసి పంపుతాడు. ఎనిమిదింటిలో ఏది మోగుతోందో తేల్చడానికి ఇంకొక చక్కటి పద్ధతి ఉండేది. ఇంజన్ తిరుగుతుండగానే గేజి రేకును ఒక్కొక్క రాకర్ కిందా దూర్చేవాళ్లు. మోగుతున్నదాని కింద రేకు పడగానే చప్పుడు ఆగిపోతుంది. ఆ ఆగడం పక్కన నిలబడ్డ కస్టమరుకి కూడా స్పష్టంగా వినపడుతుంది. వాదనకి చోటు ఉండదు.

షెడ్డుకొచ్చే కస్టమర్లలో సగంమంది కోరిక ఒకటే: పికప్ పెరగాలి. ఇక్కడ మేస్త్రీ తెలివితో పాటు నిజాయితీ కూడా బయటపడేది. సందు రెండు మూడు థౌలు తగ్గిస్తే వాల్వు కాస్త ముందు తెరుచుకుని, కాస్త ఎక్కువ లేచి, కాస్త ఆలస్యంగా మూసుకుంటుంది. హై స్పీడులో ఇంజన్‌కి ఊపిరి ఎక్కువ అందుతుంది. కస్టమరు ట్రయల్ వేసి బండి ఎగిరిపోతోందని మెచ్చుకుంటాడు. అయితే ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ కలిసి తెరుచుకుని ఉండే సమయం పెరిగి ఐడ్లింగ్ కుదురుగా ఉండదు. ఎండాకాలంలో నలుగురిని ఎక్కించుకుని హైవే మీద గంటల తరబడి లాగిస్తే ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది. క్యామ్ గుబ్బ మొదట్లో ఒక మెల్లటి వాలు ఉంటుంది, సందును మెత్తగా పూడ్చి ఆ తర్వాతే వాల్వును లేపడానికి. సందు మరీ పెద్దదైతే ఆ వాలు అయిపోయాక దెబ్బ పడుతుంది, మరీ చిన్నదైతే వాలు మీదే వాల్వు తెరుచుకుంటుంది. అంటే 15 అనే అంకె ఎవరికో తోచినట్టు పెట్టింది కాదు, గుబ్బ చెక్కినప్పుడే అందులో ఇమిడి ఉంది. రేసింగు బళ్ల వాళ్లు ఈ సందును కొద్దిగా అటూ ఇటూ మార్చి శక్తిని వెతుక్కుంటారు, వాళ్లు హెడ్డు తరచూ దించి చూసుకుంటారు గనక వాళ్లకది చెల్లుతుంది. టాక్సీకి చెల్లదు. టాక్సీ అని చెబితే మంచి మేస్త్రీ ఎగ్జాస్ట్ వైపు ఒక థౌ వదులుగానే ఉంచేవాడు. "కాస్త చప్పుడుంటుంది సార్, ఉండనివ్వండి, వాల్వు దక్కుతుంది" అని చెప్పేవాడు. అరిగిపోయిన పాయింట్లూ దిద్దని కార్బొరేటరూ బండిని మందగింపజేస్తుంటే ట్యాపెట్లు బిగించి పికప్ తెచ్చానని చెప్పేవాడూ ఉండేవాడు. ఆ ఇద్దరిలో ఎవరు ఎవరో తేల్చుకోవడానికి కస్టమరుకి తన చెవి ఉండేది. నేను పోయిందంటున్నది సరిగ్గా దీన్నే.

బండి బండికీ ఈ పని వేరుగా ఉండేది. తాసిల్దార్లూ సమితి ఆఫీసర్లూ తిరిగిన మహీంద్రా జీపు పెట్రోలు ఇంజన్‌లో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉండేవి. పైది నిలబడి సెట్ చేస్తే, కిందది పక్క మూత విప్పి, ఇరుకులో చేయి దూర్చి చూపు ఆనని చోట సెట్ చేయాలి. పాత బుల్లెట్‌కి గేజే అక్కర్లేదు. పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి, పక్కనున్న మూత ఒక్క నట్‌తో విప్పి, పుష్ రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పి చూడటమే. రాడ్ వేళ్ల మధ్య తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. కొలత మొత్తం వేలి కొసల్లో ఉంది. 2009 ప్రాంతంలో బుల్లెట్లకి హైడ్రాలిక్ ట్యాపెట్లు వచ్చాక ఆ మూతా, ఆ వేళ్ల పనీ వెళ్లిపోయాయి.

హైడ్రాలిక్ ట్యాపెట్ కొత్త వస్తువేం కాదు. 1930లో అమెరికాలో కాడిలాక్ వి-16 కారులోనే వచ్చింది. ట్యాపెట్ లోపల చిన్న గది, అందులోకి ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌తో ఎక్కి సందును ఎప్పటికప్పుడు తానే పూడుస్తుంది, సాగినా అరిగినా సరిదిద్దుకుంటుంది. గొప్ప ఆలోచన. మన రోడ్ల మీదికి అది రావడానికి చాలా కాలం పట్టింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా స్క్రూ తిప్పి సెట్ చేయాల్సిన బండే. అయితే దాని మూడు సిలిండర్ల ఇంజన్ చాలాకాలం పట్టు వదలకుండా పనిచేసేది. ట్యూనింగ్ కోసం తరచూ షెడ్డుకి రావాల్సిన అవసరం తగ్గింది, వినే అవసరమూ తగ్గింది. తర్వాత 2000 సంవత్సరం వచ్చింది. ఆ ఫిబ్రవరిలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది, ఏప్రిల్లో కొత్త కార్లకి పొగ ప్రమాణాలు బిగిశాయి, కార్బొరేటర్ల రోజులు దగ్గరపడ్డాయి. సీసం విషం, పోవాల్సిందే. పిల్లల రక్తంలోకి చేరే విషాన్ని వాల్వుల కోసం భరించమనే వాదన ఏదీ నిలవదు. కానీ ఆ సీసం ఎగ్జాస్ట్ సీటు మీద సన్నటి పొరగా పరుచుకుని వాల్వు దెబ్బను కాచేది కూడా. అది పోయాక, గట్టి సీట్లు లేని పాత పోత ఇనుప హెడ్డులున్న అంబాసిడర్లు బరువు మీద పరిగెత్తితే సీట్లు అరిగి, వాల్వులు లోపలికి దిగి, సందులు మునుపటికంటే త్వరగా మూసుకుపోవడం మొదలైంది. ఆ బళ్లకి ట్యాపెట్ సెట్టింగ్ అవసరం పెరిగింది సరిగ్గా అప్పుడే, షెడ్లు దాన్ని మరచిపోవడం మొదలైంది కూడా అప్పుడే. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగేనాటికి ఆ పనికి వారసులు పెద్దగా మిగల్లేదు.

దీనికి మొదటి అభ్యంతరం నాకు తెలుసు. గతాన్ని బంగారంగా చూపిస్తున్నారని, ఆ రోజుల్లో సగం షెడ్లు గేజి లేకుండా ఊహ మీదే బిగించేవని, వాల్వులు కాలి హెడ్డులు దించిన బళ్లే అడుగడుగునా కనపడేవని అంటారు. అది నిజం. ఇంకా పెద్ద నిజం ఒకటుంది. ఆ నేర్పు చాలామందికి బడికి వెళ్లాల్సిన వయసులో, కిరోసిన్ డబ్బా పక్కన, తప్పు చేస్తే నెత్తిన స్పానరు దెబ్బ తింటూ వచ్చింది. ఆ పిల్లలు పోగొట్టుకున్నదాన్ని ఏ చేతి నేర్పూ పూడ్చదు. అలాంటి చదువు ఆగిపోవడం మంచిదే. మేస్త్రీ తోడు లేకుండా బయల్దేరలేని కారు కంటే, ఒంటరిగా ఒక ఆడమనిషి నిబ్బరంగా అర్ధరాత్రి హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా నడుపుకుని వెళ్లగలిగే కారు మేలు. ఈ లాభాలను నేను తగ్గించి చెప్పడం లేదు. కానీ పాత షెడ్డు తప్పులు చేసేదన్న మాటలోనే నా వాదనకి బలం ఉంది. ఆ తప్పులు వినపడేవి. ఊహ మీద బిగించిన మేస్త్రీ పని మర్నాటికే టకటకమనో, ఐడ్లింగ్‌లో వణికో బయటపడేది. కస్టమరు ఇంకో షెడ్డుకి మారేవాడు. ఇవాళ సర్వీసు బిల్లులో ఇరవై పద్దులుంటే అందులో ఏ ఒక్కటి నిజంగా జరిగిందో లేదో చెవితో గానీ కంటితో గానీ తేల్చుకునే వీలు యజమానికి దాదాపు లేదు.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. చెవి ఎందుకు, స్కానర్ ఉంది కదా అంటారు. కారు కంప్యూటర్‌కి వైరు తగిలిస్తే ఏ సిలిండర్‌లో లోపమో అంకెతో సహా చెబుతుంది, మనిషి చెవికి అంత కచ్చితత్వం లేదు. చాలా లోపాల విషయంలో ఇది పూర్తిగా సరైన మాట. ఇంధనం, స్పార్కు, సెన్సర్ల సంగతుల్లో స్కానర్ ముందు ఏ మేస్త్రీ అయినా తలవంచాల్సిందే. వాల్వు సందు విషయంలో మాత్రం అది గుడ్డిది. మామూలు కారులో వాల్వు సందును కొలిచే సెన్సరంటూ లేదు. క్రాంకు తిరిగే వేగం తడబడినప్పుడు కంప్యూటర్ మిస్‌ఫైర్ అని గుర్తించి, పి0301 లాంటి కోడ్‌తో ఒకటో సిలిండర్ అని చూపిస్తుంది. అది చూపించేనాటికి చాలాసార్లు వాల్వు సరిగ్గా మూసుకోవడం మానేసి, కంప్రెషన్ పడిపోయి ఉంటుంది. బిగుసుకుంటున్న సందు అంతకుముందు వేల కిలోమీటర్ల పాటు ఏ తడబాటూ చూపించదు, పైగా ఇంజన్ ఇంకా నిశ్శబ్దంగా, ఇంకా హాయిగా తిరుగుతున్నట్టే ఉంటుంది. పాత డ్రైవరు అనుమానించిన ఆ నిశ్శబ్దాన్నే స్కానర్ ఆరోగ్యం అనుకుంటుంది.

అన్నీ హైడ్రాలిక్ అయిపోయాక ఇదంతా ఎవరికి అవసరం అన్నది మూడో ప్రశ్న. అన్నీ అయిపోలేదు. ఆయిల్ ప్రెషర్‌తో తానే సరిదిద్దుకునే ట్యాపెట్లున్న ఇంజన్లకి నిజంగానే ఈ పని లేదు, ఆయిల్ వేళకి మారిస్తే చాలు. కానీ చాలా కార్లలో ఇప్పటికీ సందు ఉంది. స్క్రూ బదులు గిన్నె ఆకారపు ట్యాపెట్ మందం మార్చి దాన్ని సరిదిద్దాలి. పని కష్టం, ఖర్చు ఎక్కువ, కాబట్టి ఎవరూ చూడరు. టూవీలర్ షెడ్లలో స్క్రూ ట్యాపెట్ ఇంకా బతికే ఉంది. నూరు సి.సి. బండికి సర్వీసు చేసే కుర్రాడు రోజుకి నాలుగైదు సెట్ చేస్తాడు. గట్టి కారణం మాత్రం గ్యాసు. హైదరాబాద్‌లో, విజయవాడలో సీఎన్‌జీ మీద తిరిగే కార్లూ ఆటోలూ పెరిగాయి. గ్యాసు పొడి ఇంధనం. పెట్రోలు తడి వాల్వులకి ఇచ్చే చల్లదనం అది ఇవ్వదు, సీటు అరుగుదల ఎక్కువవుతుంది. గ్యాసు కోసమే తయారైన ఇంజన్లలో కంపెనీ గట్టి సీట్లు వేస్తుంది. బయట కిట్ బిగించిన పెట్రోలు ఇంజన్లలో అవి ఉంటాయన్న హామీ లేదు. సీసం పోయినప్పుడు అంబాసిడర్‌కి వచ్చిన జబ్బే ఇవాళ ఈ బళ్లకి వస్తోంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టవడానికి మొరాయిస్తే బ్యాటరీ మారుస్తున్నారు, ప్లగ్గులు మారుస్తున్నారు, కంప్రెషన్ చూడటం లేదు.

పాత మేస్త్రీల పద్ధతిలో ఒక్క లోపాన్ని మాత్రం వెనక్కి తెచ్చుకోనక్కర్లేదు. వాళ్లు ఏదీ రాసేవాళ్లు కాదు. సందు సరిచేసి కవర్ మూసేస్తే, విప్పినప్పుడు అది ఎంత ఉందన్న సంగతి వాళ్లతోనే పోయేది. గ్యాసు కిట్ ఉన్న కారు యజమాని ఇవాళ అడగాల్సింది అదే: కవర్ విప్పి, చల్లటి ఇంజన్ మీద, ముట్టుకోకముందు ఒక్కొక్క వాల్వు సందు ఎంతుందో మిల్లీమీటర్లలో బిల్లు వెనక రాయించుకోవాలి, సరిచేశాక ఎంతో పక్కన రాయించుకోవాలి. పన్నెండు వాల్వులైతే పన్నెండు అంకెలు, పదహారైతే పదహారు. తర్వాతి సర్వీసులో మళ్లీ అంతే. ఒకే ఎగ్జాస్ట్ వాల్వు అంకె ప్రతిసారీ తగ్గుతూ వస్తుంటే ఆ సీటు దిగిపోతోందని అర్థం, ఇంకెన్ని వేల కిలోమీటర్లు ఓర్చుకుంటుందో ఆ తగ్గుదల వేగమే చెబుతుంది. ఇన్‌లెట్ అంకెలు కదలకుండా ఎగ్జాస్టువి మాత్రమే అన్నీ కలిసి తగ్గుతుంటే తప్పు గ్యాసు మిక్చర్ సెట్టింగ్‌లో ఉందేమో చూడాలి. ఈ అంకెలు రాయడానికి మేస్త్రీకి పట్టే సమయం పది నిమిషాలు. రాయనన్న షెడ్డులో గేజి ఉందో లేదో అప్పుడే కనుక్కోవచ్చు.